బావురుపిల్లి

కంపెనీలు చేసే తూటా కాదిది.
ఒకని పుర్రెల పుట్టి, ఇంకొకని లేతు మీద తిరిగి
పేరు లేకుండ బతికేది.
ఫౌజుల వైల్డ్‌క్యాట్ అంటుండె మా ఉస్తాదు.
మా అమ్మ భాషల బావురుపిల్లి,
కోళ్లగంప పక్కన మాపటీలి
కండ్లు మాత్రమే కనవడేది.

నేను ఓదేలును.
పదిహేడేండ్లు సరిహద్దుల,
ఇప్పుడు హన్మకొండ బ్యాంకుల, తలుపుకాడ స్టూలు మీద.
ఒళ్లె రెండుగొట్టాల తుపాకి.
దాని చూపు ఎదురుంగ జిరాక్సు షాపు దాకనే.

అందుకే చలాన్ల వెనుక గీస్తుంట.
ఏ ఖోకా తీసుకోవాలె, దాని ఒళ్లు ఎంత సాగాలె,
భుజం ఎంత వాలాలె, మెడ ఎంత పొడుగుండాలె.
ఫోన్ల యాకూబ్‌తోని మాట్లాడుతుంటె విని
"ఎవరికి ఓదేలు, పిల్లను సూస్తున్నరా?" అన్నది మేనేజరమ్మ.
అవునన్న.

మూడు డెబ్బై అయిదా?
సన్నపు ఒళ్లు. గాలిని కోసుకుంట పోతది.
కని రెండున్నర కిలోమీటర్లు దాటినంక
ఎండల దున్నిన ఎద్దులెక్క తల ఊపుతది.
నాలుగు పదహారా?
బరువున్నది, మాట మీద నిలవడ్తది.
మందు మాత్రం దోసిళ్లకొద్ది తింటది,
వెయ్యి కాల్పులు కాకముందే
గొట్టం గొంతు బొంగురువోతది.

"నూలుపోగంత తేడా ఉంటె ఏమైతదన్నా?"
ఆటోనగర్ల బోరుమోటరు షాఫ్టు తిప్పుకుంట అడిగిండు యాకూబ్.
"ఈడ నూలుపోగు, ఆడ ఎడ్లబండి" అన్న.

లైసెన్సు రాదు, నాకెర్కే.
చలాను మీద కాల్చెటోనికి లైసెన్సెందుకు?

మనిషి కోసం కాదు.
మనిషిని ఒకపారి అద్దంల సూసిన,
మంచు మీద నిలవడి చాయ్ తాగుతుండె.
ఆర్డరు రాలె.
తాగిండు, గిలాస దులిపిండు, లోపలికి వోయిండు.
ఆ కథ అంతే.

నా గురి బండ.
హసన్‌పర్తి అవతల గుట్ట మీద
ఎలుగు వీపులెక్క నల్లగ కూసున్నది.
మా డాబా మీంచి రెండువేల తొమ్మిదివందల నలభై మీటర్లు.
మూడుసార్లు కొలిచిన.
మధ్యల చెరువు మీద ఒక గాలి,
పత్తికట్టె పీకిన చెల్కల మీద ఒక గాలి,
గుట్ట మొదట్ల ఇంకోటి, దాన్ని నమ్మద్దు.
ఎండమావి ఎటు పారితె గాలి అటు.
నేను ఎండకాలమంత డాబా మీద పండుకొని
లేని నీళ్ల వాలు సదివిన.

తూటా పోవుడుకు ఆరు సెకన్లు.
బండ మీద తాకిన సప్పుడు
తిరిగి నా చెవుల పడుడుకు ఎనిమిదిన్నర.
ఆ పద్నాలుగున్నర సెకన్లు కావాలె నాకు.
చేసిన పని చేతులనుంచి పోయింది,
ఏమైందో ఇంక తెల్వది,
ఊపిరి బిగవట్టి వినుడొక్కటే.
ఇంత పెద్ద తూటా ఎందుకు అంటె, గందుకే.

పోయిన ఐతారం నాలుగు పదహారు ఖాయం చేసిన.
యాకూబ్ గట్టి ఇత్తడి కడ్డీ తిప్పి నమూనా తెచ్చిండు.
బెత్తెడున్నర పొడుగు. లోపల బోలు లేదు, మందు లేదు.
బండను సూపెడ్దామని డాబా ఎక్కించిన.

బండ లేదు.

వైరు పెట్టి కోసిండ్రు క్వారీవాళ్లు,
కోవా ముక్క కోసినంత నున్నగ.
కాజీపేట వ్యాగన్లల్ల ఎక్కి
ఏ దేశంల ఎవరి వంటింటి గట్టయితదో.
అది కూసున్న జాగల ఉత్త ఆకాశం,
దాని ఎనుక నీలంగ ఇంకో గుట్ట,
నేను పుట్టినకాంచి ఎన్నడు సూడనిది.
మూడువేల ఏడువందల పైమాటే.

యాకూబ్ నమూనాను అరచేతుల దొర్లించుకుంట
శానాసేపు అటే సూసిండు.
"ఇది సాలది గదన్నా."

సాలది.

ఇప్పుడది మేనేజరమ్మ బల్ల మీద ఉన్నది,
లోన్ల కాగితాలు ఎగురకుండ.
పైన ఫ్యాను మూడు నెంబరు మీద తిరుగుతది,
ఆ గాలికి అది ఇసుమంత జరుగది.

నేను కొత్త చలాను తిరగేసిన.
ఖోకా ఇంకింత లావు గావాలె.