పద్దులో లేని పేరు

రాయగడలో రైలు దిగిన వారపత్రిక
మా గుమ్మానికి చేరేసరికి రెండ్రోజుల పాతది.
కూరగాయల గంపల కింద నలిగి
ఒక మూల చిక్కుడాకు వాసనేసేది.

కాగితం మిల్లు కాలనీ, మూడో వరస, ముందు గది.
సబ్బుల పెట్టె చెక్కలతో నాలుగు అరలు.
రోజుకి పావలా, పేజీ చిరిగితే రూపాయి.
బోర్డులు ఒరియా, బడి ఒరియా,
నా నాలుగు అరలూ తెలుగు.

వెదురు లారీలు దిగే వేళకి
షిఫ్టు విడిచిన కూర్మారావు వచ్చేవాడు,
చేతుల నిండా గుజ్జు కంపు.
"డిటెక్టివు కొత్తదేదైనా ఉందేటమ్మా?"
ఉంది గాని, ఏడో పేజీలో ఎవడో రాసి పెట్టాడు,
హంతకుడు వంటవాడేనని.
గంజి రాసి దాని మీద కాగితం ముక్క అంటించాను.
కూర్మారావు దీపానికి అడ్డం పెట్టి చదివేసి
పావలా వెనక్కిమ్మన్నాడు.

బిసోయి మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని
ఒక్కో అట్టా చూస్తూ
చెత్త, చెత్త, ఇదీ చెత్తే, అనేవారు.
పోతూ పోతూ ఒక చెత్తని
ఒరియా పేపర్లో చుట్టించుకునేవారు.
తిరిగొచ్చిన పుస్తకంలో
అచ్చుతప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది ఉండేవి.

ఆడవాళ్ళు మధ్యాహ్నం వచ్చేవారు
గిన్నెలు తోమిన తడి చేతులు పమిటకి ఒత్తుకుంటూ.
హీరోకి ఆరడుగులుండాలి, కారుండాలి,
తలుపు మూశాక మూడు చుక్కలుండాలి.
ఆ చుక్కల దగ్గర ఎంతమంది ఆగారో
పేజీ అంచు మరకే చెప్పేది.

ఇప్పుడు పక్కింటి మోనాలిసా
మా మెట్టు మీద కూచుని చెవుల్లో తీగలు పెట్టుకుంటుంది.
ఇంట్లో తెలుగు మాట, బళ్ళో ఒరియా అక్షరం.
చదవలేదు, అంచేత వింటుంది.
ఎనిమిది వందల పన్నెండో భాగమట.
కోటీశ్వరుడు, ఒప్పందం పెళ్ళి, పోయిన జ్ఞాపకం.
ఒక తీగ నా చెవిలో పెట్టింది.
పది నిమిషాల్లో ఆ అబ్బాయి ఏడుసార్లు షాకయ్యాడు.
కరెంటాఫీసులో పనా, అనడిగాను.

"మీ కాలంలో అంత గొప్పగా ఏటుండేదేటి?" అంది.

ఉన్నవన్నీ ఏనాడో కిలో లెక్కన తూచేశాను.
మిల్లులోనే నాని, ఉడికి,
ఎవరి లెక్కల నోటుబుక్కు అయ్యాయో.
మిగిలినది ఒక్కటే, దానికి అట్ట లేదు.
పైకి చదివాను.
రెండు పేజీల వాన,
చూరు కింద తడిసిన మేకపిల్లతో సహా.
పిల్ల ఫోను బోర్లా పెట్టింది.
చూశావా, అన్నట్టు కళ్ళజోడు సర్దుకున్నాను.

అరవై మూడో పేజీలో
హీరో ఆమెని చాచి కొట్టాడు.
చెంప పట్టుకుని
అప్పుడే ఆమె అతన్ని ప్రేమించడం మొదలెట్టింది.

"ఆపు. ఈడు హీరోనా?"
అప్పట్లో హీరోయే.
"నా ఎనిమిది వందల్లో
ఒక్కడే చెయ్యెత్తాడత్తా. మూడో భాగంలో జైలుకి పోయాడు."

షాకయ్యాను.
ఇంకో మాట దొరకలేదు.

ఆ పేజీలోనూ మాస్టారి ఎర్రసిరా ఉంది.
చెంపకి సున్నా పడలేదని దిద్దారు.
అంతే దిద్దారు.

పుస్తకం లాక్కుంది.
ఒరియా అక్షరాలకీ మనవాటికీ గుండ్రదనంలో చుట్టరికం,
నెల్లాళ్ళుగా దిద్దిస్తున్నాను, ఇంకా తడుముకుంటుంది.
అచ్చు వదిలేసి
పక్కన మాసిన పెన్సిలు మీద వేలు పెట్టింది.
మా... ఆ... య... నా...
మా ఆయనా ఇంతే.

రాతలు రాస్తే అర్ధరూపాయి జుల్మానా వేసి
రబ్బరుతో చెరిపేదాన్ని.
దీన్ని చెరపలేదు.

"ఎవరు రాశారు?"

పద్దు తీసిచ్చాను.
ఆ పుస్తకం పదకొండు చేతులు మారింది.
పైడమ్మ, సుభద్ర, జామివారి కోడలు,
వైండరు సూర్నారాయణ భార్య...
ఒక్కో పేరు దగ్గరా ఆగి
నా మొహంలోకి చూస్తుంది.

కొట్టు నడిపినదాని పేరు
పద్దులో ఉండదు.