మీటరున్న ఒడ్డు

ఏటికి ఈ ఒడ్డున మీటరు తిరుగుతాది.
ఆ ఒడ్డున తిరగదు.
అవతల భామిని వైపు మా తవిటినాయుడు బావ
మోటారేసేసి సంతకెళ్లిపోతాడు,
మడి నిండి, గట్టు పొర్లి, నీళ్లు మళ్లీ ఏట్లో పడ్డాక
తాపీగా తిరిగొస్తాడు.

కాశీనగరంలో నాకు నెలనెలా కాగితం వస్తాది.
ఒడియా అక్షరాలు,
వానకి గొడుగులేసుకుని నిలబడ్డ జనంలాగుంటాయి.
చదివేది నా గుంట, పుణ్యవతి.
"అమ్మా, పోయిన్నెల మీద నలభై ఎక్కువ."
నలభై ఏటే, రూపాయలా?
"యూనిట్లు."
యూనిట్ అంటే ఎంతుంటాదో నాకు తెల్దు.
తట్టెడు వంకాయలంటే తెలుసు.

పర్లాకిమిడి నుంచి దండాసి వచ్చాడు,
బండికి రెంచీల సంచీ కట్టుకుని.
మోటారు ముట్టుకోలేదు.
పైపు మీద చెయ్యేసి, నాడి చూసినట్టు
కాసేపు కళ్లు మూసుకున్నాడు.
"అప్పా, మోటారు మంచిదే. దాని దారే బాగోలేదు.
గట్టెక్కేలోపు నాలుగు మలుపులెట్టేరు.
మలుపు మలుపుకీ కరెంటు కూకుండిపోతాది,
సంతకెళ్లే ముసల్దాని మాదిరి."

మలుపులు పెట్టింది మా ఆయన.
తుమ్మ మొద్దు అడ్డొచ్చిందని ఒకటి,
పాలోళ్లతో గట్టు తగాదాకి ఒకటి.
మిగతా రెండూ ఎందుకని సూరత్‌కి ఫోన్ చేస్తే
మిల్లు హోరులోంచి అరిచాడు:
"ఎల్బోలు చవగ్గా దొరికాయే!"

మూడు కోసేశాం.
పాలోళ్ల గట్టు దగ్గరది మాత్రం కదల్లేదు,
అది ఇనుముతో పెట్టిన మలుపు కాదు.
ఫుట్‌వాల్వు పైకి లాగితే జల్లెడ నిండా నాచు,
నాచులో చచ్చిన పీత.
ఇన్నాళ్లూ దానికి కూడా
నేనే కరెంటు కట్టానన్నమాట.

ఇప్పుడు వంగ మొదళ్లకి గడ్డి కప్పాను.
మిట్టమధ్యాన్నం నీళ్లు పెట్టడం మానేశాను,
ఎండకి పొయ్యడమెందుకని.
ఇదివరకు గుణుపురం బస్సు పోయినప్పుడు వేస్తే
అది తిరిగొచ్చేదాకా ఆడేది మోటారు.
ఇప్పుడు పొయ్యి మీద అన్నం వార్చేలోపు
కాకర పాదులు తడిసి, కట్టేస్తున్నాను.

బావ వచ్చి పందిరి కింద నవ్వాడు:
"ఇంత సదువెందుకే! మాకాడ కరెంటు ఊరికే కదా."
నేనేమీ అనలేదు.
లేత కాకరకాయలు ఏరి
ఆయన సంచిలో పోశాను.

కొత్త కాగితం వచ్చింది. ముప్పై ఒకటి తగ్గాయి.
ఆ తగ్గినవి ఎక్కడికి పోయాయే అని అడిగితే
"ఎక్కడికీ పోలేదమ్మా, అసలు రాలేదు" అంది గుంట.
దానర్థం నాకింకా కుదుటపడలేదు.

రాత్రి పడమటి గాలికి
అవతలి ఒడ్డు మోటారు చప్పుడు మంచం దాకా వస్తాది.
బావ నిద్రపోతుంటాడు.
ఎవరి మడిలోవో, నిండిపోయిన నీళ్లు
చీకట్లో గట్టు దాటుతుంటాయి.
మెలకువగా పడుకుని
ఒకటి, రెండు, మూడు అని
వాటికీ నేనే లెక్క కడుతుంటాను.