ఇరవై డిగ్రీల నీళ్ళు

హకొదాతెలో పొద్దుట్నించీ మంచు.
ట్రాము పట్టాల మీద ఎవరో ఉప్పు చల్లుతున్నారు.
మూడో అంతస్తులో నేను
డెవలపరు సీసాల మీది లేబుళ్ళు గోటితో గీకుతున్నాను.
ఎల్లుండి ఈ గదిలోకి
పళ్ళ డాక్టరు కుర్చీ వస్తుంది.

మా రాత్రిబడికి నలభై ఆరేళ్ళు.
చివరి బ్యాచిలో ముగ్గురే:
చేపల వేలంలో లెక్కలు రాసే అమ్మాయి,
పెదవి విప్పని ఒక వంటవాడు,
ట్రాము నడిపి రిటైరైన తొకుషిగె గారు.
ముగ్గురి ఫీజులూ కలిపినా
కాగితం డబ్బాకి చాల్లేదు.

కితబయాషి మేడమ్ మొదటిరోజు
ఎవరి చేతికీ కెమెరా ఇచ్చేవారు కాదు.
దీపం ఆర్పి కూర్చోమనేవారు.
పది నిమిషాలు.
ఎవరో దగ్గేవారు, ఎవడో కిసుక్కుమనేవాడు.
"ఇప్పుడు చెప్పండి, చీకటి ఎన్ని రంగులు?"
ఒకటే, నలుపు, అన్నాను నేను.
ఆవిడ కోప్పడలేదు.
నాకు థర్మామీటరు ఇచ్చి
నీళ్ళు చూసుకోమన్నారు.
ఇరవై డిగ్రీలు. అటు కాదు, ఇటు కాదు.
ఆవిడ పోయారు. నేను చూసుకుంటూనే ఉన్నాను.

తొకుషిగె గారు ప్రతినెలా పదో తారీఖున
టోక్యోలో ఒక పత్రికకి ప్రింటు పంపేవారు,
పాఠకుల పోటీకి.
ముప్పై ఒక్క ఏళ్ళు.
మూడువందల డెబ్బైరెండు కవర్లు.
ఒక్కసారి పడింది,
ప్రోత్సాహక వరసలో, తపాలా బిళ్ళంత:
ట్రాము అద్దం మీద ఆవిరి,
ఆవిరిలో ఏ పిల్లో వేలితో గీసిన చేప.
కింద న్యాయనిర్ణేత మాట, రెండు ముక్కలు:
"చేప బాగుంది. కుడి అంచు కోయాల్సింది."
ఆ కాగితం ముక్క పర్సులో మడిచి మడిచి
మడతల దగ్గర అక్షరాలు రాలిపోయాయి.
ఆయనకి నోటికొచ్చు కాబట్టి సరిపోయింది.

మిగతా మూడువందల డెబ్బై ఒకటీ ఏమైనట్టు?
అడిగాను ఒకసారి, సీసా కడుగుతూ.
"ఎవరో ఒకరు కవరు చింపి చూశారు కదా"
అన్నారు,
బాకీ తీరిపోయినవాడిలా.

పత్రిక ఆగిపోతున్న సంగతి
ఆఖరి సంచికలో, ట్రైపాడ్ ప్రకటన పక్కన
చీమతలకాయలంత అక్షరాల్లో వేశారు.
అయినా మరుసటి పదో తారీఖున
ఆయన పోస్టాఫీసుకి వెళ్ళారు. అలవాటు.
ఐదు వారాలకి కవరు తిరిగొచ్చింది,
అతికించింది అతికించినట్టే.

నిన్న దాన్ని తెచ్చి
నా బల్ల మీద పెట్టారు.
"నువ్వు చింపు."

వేలం అమ్మాయి కూడా అప్పుడక్కడే ఉంది.
దాని ఫోన్లో పదకొండు వేల ఫొటోలు,
రాత్రి సముద్రం మీద స్క్విడ్ పడవల దీపాలు,
కొన్ని నిజంగా బాగుంటాయి.
"ఏది బాగుందో చెప్పవా" అని
నాలుగు నెలలుగా నా వెంట పడుతోంది.
నేనెవర్ని చెప్పడానికి,
నీళ్ళు చూసుకునేవాణ్ణి.

కవరు చింపాను.
మంచులో ట్రాము స్టాపు.
ఎవరూ లేరు.
స్టాపు దాకా వచ్చిన అడుగులున్నాయి.
వెనక్కి వెళ్ళినవి లేవు.

చాలాసేపు చూశాను.
వంటవాడు కూడా వచ్చి భుజం మీంచి చూశాడు.
"అడుగులు బాగున్నాయి" అన్నాను,
"అంచు కోయక్కర్లేదు."
తొకుషిగె గారు జేబులు తడుముకున్నారు,
పెన్ను కోసం.
"రాసి ఇవ్వు," అన్నారు, "మడిచి పెట్టుకోవాలి."
వంటవాడు మొదటిసారి నోరు తెరిచాడు:
"తారీఖు కూడా వెయ్యి."

ఇవాళ ఎవరూ రాలేదు.
ఎర్ర బల్బు విప్పి
పాత వార్తాపత్రికలో చుట్టాను.
తొట్టిలో నీళ్ళు మిగిలాయి.
నీళ్ళొదిలేయడం అంటే ఆశ వదులుకోవడమని
నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.
బిరడా మీద చెయ్యి వేసి కూడా
ఎందుకో థర్మామీటరు ముంచి చూశాను.
పందొమ్మిది.

కెటిల్లోంచి కాస్త వేడినీళ్ళు కలిపాను.
కలిపి, చేత్తో తిప్పి,
ఇరవై అయ్యాక
బిరడా లాగాను.