సూత్రప్రాయంగా

విన్నిపెగ్‌లో మార్చి అంటే ఇంకా మంచే.
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా పేరుకుంటుంది.
ఐదో అంతస్తు, పర్యావరణ శాఖ, జవాబుల బల్ల.
నా పేరు ఒరీసియా హ్నాట్యూక్.
పంతొమ్మిదేళ్లుగా నా పని ఒక్కటే:
ఎడమవైపు గడిలో ఆడిటర్ తప్పు రాస్తాడు,
కుడివైపు గడిలో నేను వినయం రాస్తాను.

ఎనిమిదో సిఫార్సు.
క్రేన్‌బిల్ సరస్సు గట్టునున్న మురుగు మడుగుని
నాలుగేళ్లుగా ఎవరూ తనిఖీ చెయ్యలేదు, వెంటనే చెయ్యాలి.
నా జవాబు:
సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం.

సూత్రప్రాయంగా!
ఎంత మెత్తని మాట,
దీని మీద కూర్చుంటే ఎవరికీ ఎక్కడా గుచ్చుకోదు.
చేరిన కొత్తలో డైరెక్టర్ గారు చెవిలో వేశారు:
"కాదనకు, గొడవవుతుంది.
అవునని ఊరుకోకు, పనవుతుంది."
మిగతాది నేనే నేర్చుకున్నాను.
'పరిశీలిస్తాం'కీ 'పరిశీలనలో ఉంది'కీ మధ్య
ఒక ఎన్నిక పడుతుంది.
'దశలవారీగా' అన్నానంటే ఒక పదవీ విరమణ.
'నిధుల లభ్యతకు లోబడి' అన్నానంటే
ఇక ఆ ఫైలు సంగతి మనవలు చూసుకుంటారు.

ఏదో దూరదేశంలో
తలుపు మీద 'రేపు రా' అని రాసిపెడతారట.
దయ్యం వచ్చి, చదువుకుని,
బుద్ధిగా వెనక్కి పోతుందట.
మా దయ్యం పేరు డెస్మండ్ థోర్వాల్డ్‌సన్.
కాఫీ సొంత ఫ్లాస్కులో తెచ్చుకుంటాడు.
స్వతంత్రత చెడుతుందని మా బిస్కెట్టు ముట్టడు.
మూడేళ్లకోసారి వస్తాడు, చదువుకుంటాడు,
'శాఖ అంగీకరించింది' అని టిక్కు పెట్టుకుని పోతాడు.

ఈసారి మాత్రం
పాత నివేదికలు మూడూ పక్కపక్కన పరిచాడు.
ఎడమ గడిలో నాలుగేళ్లు ఏడయ్యాయి, ఏడు పదయ్యాయి.
కుడి గడిలో
తేదీ తప్ప కామా కూడా కదల్లేదు.
'తనిఖీ'ని నేను 'తనికీ' అని కొట్టిన అచ్చుతప్పు
తొమ్మిదేళ్లుగా క్షేమంగా ఉంది.
దాన్నీ ఎవరూ తనిఖీ చెయ్యలేదు.

అతను కోప్పడలేదు.
కోటు జేబులోంచి ఒక జాము సీసా తీసి బల్ల మీద పెట్టాడు.
"ఇది సాక్ష్యం కాదు, నివేదికలోకి రాదు.
ఎల్డా డెజార్లే అని, వలలు చుట్టి అటకెక్కించిన మనిషి,
జవాబులు రాసేదెవరో వాళ్లకిమ్మంది."
నీళ్లు.
మా బామ్మ కాచే పుల్లకూర సూపులా పచ్చగా.

క్రేన్‌బిల్ నేనెరగనిది కాదు.
మంచుకి కన్నం పొడిచి మా నాన్న పికరెల్ చేపలు పట్టేవాడక్కడ.
కన్నంలోంచి నల్లగా, చల్లగా
సరస్సు నన్ను చూసేది.
పంతొమ్మిదేళ్లలో ఒక్కసారీ మళ్లీ వెళ్లలేదు.
జవాబుల బల్లకి ప్రయాణపు భత్యం లేదు.

ఆరు దాటింది. అందరూ వెళ్లిపోయారు.
హీటరొక్కటే నాతో గొణుగుతోంది.
'చేస్తాం'.
ఈ ఒక్క క్రియలోనే కాపురమున్నాను ఇన్నాళ్లూ.
రోజూ చేసే పనికీ అదే మాట,
ఎన్నడూ చెయ్యని పనికీ అదే మాట.
మా శాఖకి భవిష్యత్తు కొదవ లేదు,
భూతకాలమంటేనే భయం.

కుడి గడిలో కర్సర్ కొట్టుకుంటోంది.
'చెయ్యలేదు' అని కొట్టాను.
అంతే. ఆ ఒక్క మాట.
అంత పెద్ద గడిలో,
ఖాళీ హాల్లో మిగిలిపోయిన కుర్చీలా.

డైరెక్టర్ గారికి పంపాను.
ఇంటికెళ్లినా ఫోను చూస్తూనే ఉంటారు కాబోలు,
పది నిమిషాల్లో తిరిగొచ్చింది, ఎర్ర అక్షరాల్లో:
"బాగుంది. ముందు 'సూత్రప్రాయంగా' చేర్చండి."

సీసా మూత గట్టిగా బిగించాను.
వాసన ఆగలేదు.