ఏడో సంచిక

హిల్లా ఇంకా ఆ లిఫ్టు తలుపు ముందే ఉంది.
చేతిలో స్క్రూడ్రైవరు, చెవిమీద పెన్సిలు.
నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య
లోపలినుంచి ఎవరో మూడుసార్లు తట్టారు.
"తరువాయి వచ్చే సంచికలో" అని రాసి
పద్నాలుగు నెలలయింది.

నిలబెట్టింది నేనే.
పాపం, కూర్చోడానికి ఒక స్టూలైనా గీయలేదు.

టాంపెరెలో నవంబరంటే
మూడున్నరకే సిరాబుడ్డి ఒలికినట్టు చీకటి.
పొద్దున బడి వంటింట్లో
నాలుగు వందల పళ్లేలు తోమొచ్చి
నానిపోయిన వేళ్లతో బ్రష్షు పట్టుకుంటాను.
బల్లమీద అన్నీ సగం ఉడికినవే.
పళ్ల ఆసుపత్రి వాళ్ల పోస్టరు:
నవ్వుతున్న దంతం, దానికో టోపీ.
అద్దె కట్టేది ఈ దంతమే,
అందుకే దాన్ని వెక్కిరించను.
మా వీధి మంచు తోడే బండి మీద
మాటల్లేని కథ ఒకటి, ఎనిమిది పేజీలు,
తెలుపెక్కువ, సిరా ఖర్చు తక్కువ.
కాగితం మిల్లు సమ్మె గురించి
రెండొందల పేజీలు గీస్తానన్నాను,
పదకొండేళ్లలో ముప్పై ఒకటి.
గ్రాంటు లేదనే ఉత్తరాలు మాత్రం
నాకంటే క్రమంగా వస్తాయి.

మార్చిలో మణికట్టు వాచింది.
ఆరు వారాలు ఎడమచేత్తో గీస్తే
హిల్లా ముఖం బంగాళాదుంపలా వచ్చింది.
నేలమాళిగలో అచ్చుయంత్రం తిప్పే ఓస్మో
ఆ పేజీ చూసి అన్నాడు:
"ఇంకొన్నాళ్లాగు, ఆవిడకి పెన్షనొస్తుంది."

బొమ్మకీ బొమ్మకీ మధ్య తెల్లటి సందుంటుంది.
అక్కడ మేమేమీ గీయం.
ఈ గడిలో ఎత్తిన చెయ్యి,
ఆ గడిలో పగిలిన గాజు,
దెబ్బ పడేది సందులో,
కొట్టేది చదివేవాడు.
ఈ మాట పిల్లలకి గొప్పగా చెబుతాను.
ఆరుకీ ఏడుకీ మధ్య సందులో
నేనే కాపురం పెట్టేశానని
చెప్పను.

శనివారం పాత నూలుమిల్లులో చిన్నపత్రికల సంత.
సగం బల్ల నాది,
సగం గుడ్లగూబ స్టిక్కర్లమ్మే కుర్రాడిది.
వాడివైపు తిరునాళ్లు, నావైపు తీరిక.
మధ్యాహ్నానికి నాలుగు ప్రతులు పోయాయి,
అందులో ఒకటి ఓస్మో కొన్నాడు, మొహమాటానికి.

అప్పుడొచ్చింది ట్రాము నడిపే ఆవిడ,
డ్యూటీ కోటులోనే, వెనక తొమ్మిదేళ్ల పిల్ల.
"ఏడోది వచ్చిందా?"
"లేదండీ, వచ్చే..."
"వచ్చే ఏంటి?" అంది పిల్ల.
పేరు సైమి.
సంచిలోంచి లెక్కల నోటుబుక్కు తీసింది.
అట్టమీద వంకర అక్షరాలు:
హిల్లా, సంచిక 7.

చూసి చూసి విసిగి తనే గీసుకుంది.
మొదటి పేజీలోనే తలుపు తెరిచేసింది.
స్క్రూడ్రైవరుతో కాదు,
హిల్లా కూడా తిరిగి మూడుసార్లు తట్టింది,
అంతే.
లోపలో కొమ్ముల దుప్పి,
లిఫ్టు దీపానికి మేజోళ్లు ఆరబెట్టుకుంటూ,
నాలుగు కాళ్లకి నాలుగు.
"ఎంతసేపు!" అంటోంది,
"టీ చల్లారిపోయింది."

నాకు నోట మాట రాలేదు.
లోపలున్నది చావని
నేను నాలుగు చిత్తుప్రతుల్లో రాసుకున్నాను,
నాలుగూ నల్లగా.

"ఎంత?" అని అడిగాను.
పిల్ల నా ధరల అట్టకేసి చూసింది.
"ఏడు యూరోలు. మీదీ అంతేగా."
నా పుస్తకాలిస్తా, మార్చుకుందామా అంటే
"అవన్నీ నా దగ్గరున్నాయి" అంది.

ఆ రాత్రి దంతాన్ని పక్కకి జరిపాను.
దుప్పిని దొంగిలించలేదు, అది సైమిది.
తలుపు వెనక ఏముందో
నాకిప్పటికీ తెలీదు.
కానీ మొదటి గడిలో హిల్లా
స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసింది,
వేళ్లు మడిచి చెయ్యెత్తింది.

రెండో గడికి గీతలు కొట్టి
సిరా ఆరేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను.
కింద మంచు తోడే బండి
పసుపు దీపం తిప్పుకుంటూ పోతోంది.
దానికి నేనింకా
మూడు పేజీలు బాకీ.