చంద్రుడు ఉండబోయే చోటు

జెజ్‌కజ్‌గాన్‌లో రాత్రి రెండు దాటింది. బయట మైనస్ ముప్పై ఒకటి.
రాగి ఫ్యాక్టరీ పొగ నిటారుగా నిలబడిపోయింది,
పక్కకి ఒరగడానికి కూడా ఓపిక లేనట్టు.
షిఫ్టు దిగొచ్చి బూట్లైనా విప్పకుండా
కంప్యూటర్ ముందు కూలబడ్డాను.

ముగ్గురున్నారు నా నౌకలో.
జానెడు బొమ్మ మనుషులు, హెల్మెట్ల నిండా కళ్లే.
పేర్లు నేనే పెట్టాను:
కెప్టెన్ బుర్కుత్‌బై, ఇంజనీరు షత్తిక్,
మూడోవాడికి మా మేనత్త కుక్క పేరు, అక్తోస్.

మొదటి రాకెట్టు లాంచ్‌ప్యాడ్ మీదే మోకాళ్ల మీద కూర్చుంది.
రెండోది సముద్రం పాలు.
మూడోది చంద్రుణ్ణి రాసుకుంటూ వెళ్లి, తెగిన గాలిపటంలా
ఇప్పటికీ సూర్యుడి చుట్టూ తిరుగుతోంది.
అందులో మనుషుల్లేరు గనక నిద్రపోగలిగాను.

ఈసారి మనుషులున్నారు.
ఈసారి వెనక్కి తిప్పే మీట నేనే తీసేశాను,
చచ్చినా బతికినా ఒకటే ఆట అని,
పందెం ఎవరితోనో తెలీదు.

మోకాళ్ల నొప్పులకి నిద్రపట్టక
అజె దుప్పటి కప్పుకుని వెనక కూర్చుంది.
"చంద్రుడు అటుంటే నువ్విటు చూస్తున్నావేం?"
అనబోయి, గీతల్ని కాసేపు చూసి, తనే అంది:
"ఓహో. పొగరుబోతు గుర్రాన్ని పట్టడమన్నమాట.
ఉన్నచోటికి ఉచ్చు విసిరితే దుమ్మే దొరుకుతుంది.
ఉండబోయే చోటికి విసరాలి."

మూడు రాకెట్లు తగలేసి నేర్చుకున్న ముక్క.
ఈవిడ బడికి వెళ్లింది నాలుగేళ్లు.

నీలి అంచు మీద చంద్రుడు గోరంత పొడవగానే
ఇంజన్ వెలిగించాను.
గీత సాగింది, సాగి సాగి వంగింది,
దూరంగా ఒక బూడిదరంగు వలయాన్ని తాకి ఆగింది.

మూడు రోజుల ప్రయాణాన్ని నాలుగు నిమిషాలకి కుదించాను.
"ఏం తింటారు వీళ్లు?"
"ఆటలో తిండి ఉండదు అజె."
"ఆకలే లేకపోతే
ఇంటికి రావాలని ఎలా గుర్తొస్తుంది?"

చంద్రుడి వెనక వెలుగు లేదు, సిగ్నల్ లేదు.
అక్కడే బ్రేకు వేయాలి, సరిగ్గా నూట పన్నెండు సెకన్లు.
ఇరవై. యాభై. డెబ్భై మూడు...
కరెంటు పోయింది.

వీధంతా పోయింది. గొట్టాల్లో వేడి నీళ్లు గొణగడం వినిపించింది.
ఆగిపోయిన ఆటలో లేని సెకన్లని
చీకట్లో పైకే లెక్కపెట్టాను, నూట పన్నెండు దాకా.
దాటాక కూడా ఆపలేకపోయాను.

నలభై నిమిషాలకి తెర వెలిగింది.
ముగ్గురూ అదే చూపు. ఇంజన్ ఇంకా వెలిగించనే లేదు,
నీడలోకి అప్పుడే దిగుతున్నారు.
ఏమీ జరగలేదు వాళ్లకి. జరిగిందంతా నాకే.

వేళ్లు వణుకుతూనే మళ్లీ బ్రేకు వేశాను.
పది సెకన్లు ఎక్కువ పట్టింది.
గీత మూసుకుని గుండ్రమైంది!
నేను కుర్చీలోంచి లేచిన చప్పుడికి
కింది ఇంటి కెంజెగూల్ చీపురుతో కప్పుని పొడిచింది.

తర్వాత చూశాను ఇంధనం.
నాలుగు శాతం. తిరిగి రావాలంటే తొమ్మిది.

అజెకి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.
"మా దొడ్డి కప్పు మీద రేకు గుర్తుందా,
అంకెలు కొట్టి ఉండేది? వానపడితే గంటలా మోగేది.
ఆకాశంలోంచి పడ్డదే. ఎవరు పంపారో, ఎక్కడికో.
పడ్డవి ఏరుకోవడమే మనకి తెలుసు.
పడనివాటికి ఏం చేస్తారు?"

"ఇంకోటి పంపాలి."

"మరి పంపు," అంది, పెద్ద పనేం కానట్టు,
కీబోర్డు పక్కన మూడు బౌర్సాకులు పెట్టి.
ఒకటి నేను తినేశాను. అక్తోస్ వాటా.

కొత్త నౌక. మూడు సీట్లు, మూడూ ఖాళీ.
ట్యాంకు ఈసారి సిగ్గు విడిచి పెద్దది కట్టాను.
షిఫ్టుకి ఇంకా మూడు గంటలుంది.
అంచు మీద చంద్రుడు ఇంకా పొడవలేదు.
అక్కడెక్కడో దాని వెనక, తలకిందులుగా,
బుర్కుత్‌బై నవ్వుతున్నాడు.
అతనికి శాతాలు తెలీవు.