నలభై ఒకటో పేజీ

కడియపులంకలో మొక్కల లెక్కలు రాస్తాను.
ఏ లోడులో ఎన్ని కనకాంబరాలు, ఎన్ని క్రోటన్లు,
చచ్చినవెన్ని, చస్తాయని ముందే తీసేసినవెన్ని.
ఆ బిల్లుల వెనక రాసుకున్నవే నా కథలు.

పుస్తకానికి అట్ట లేదు, వెన్ను లేదు,
చేత్తో ఇద్దామంటే చేతికి రాదు.
ఫోన్లో ఉంటుందంటే మా మేస్త్రి అబ్బులు
"అయితే ఎవరికీ కనబడదన్నమాట" అన్నాడు.

కనబడలేదు.
మొదటి వారం పదకొండు మంది.
అందులో మూడు ఫోన్లు మా ఇంట్లోవే.
మా పెద్దమ్మ కొడుకు తెరవకుండానే అయిదు చుక్కలు పెట్టి
"కేక అక్కా" అని రాసి, చేబదులు అడిగాడు.
ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను.
దండాలొచ్చాయి, రెండు గులాబీలొచ్చాయి.
చీరల గ్రూపులోంచి నన్ను తీసేశారు.

అప్పుడు చీటీలు గుర్తొచ్చాయి.
ప్రతి మొక్కకీ ఒకటి కడతాం కదా,
పేరు, ఎండా నీడా, నీళ్లు ఎన్నాళ్లకి.
వెనకంతా ఖాళీయే.
"మొక్క చావకపోతే చాలు, వెనక ఏమైనా రాసుకో" అన్నారు ఓనరుగారు.
మొదటి కథ ఉచితమని, కింద స్కాన్ చేసే గళ్ల బొమ్మ,
రెండు వేల చీటీలు అచ్చేయించాను.
నాగపూర్ పోయాయి, బరంపురం పోయాయి.
నా అక్షరం చదవలేని ఊళ్లలో నా మందారాలు పూసే ఉంటాయి.

ఎంత బుద్ధితక్కువ పని!
శివారు చేలకి నీరందాలంటే
ముందు తూము పక్క చేను తడవాలని
కాలవ గట్టున పుట్టినదానికి ఇంకొకరు చెప్పాలా?

శ్రావణంలో ఒక ఫోను.
"కరివేపాకు మొక్క కొన్నానండి మీ దగ్గర.
కోటిపల్లి పంటు మీద టిక్కెట్లు కోస్తాను.
మీ పుస్తకం మొత్తం చదివాను.
నలభై ఒకటో పేజీ తప్పు."

నేను కుర్చీ వెతుక్కున్నాను.

"మీ వీరాయమ్మ పొద్దుటే పంటెక్కి ముక్తేశ్వరం వెళ్తోంది.
ఎండ కళ్లల్లో కొట్టిందని రాశారు.
కొట్టదండి. ఆ వేళప్పుడు వీపున ఉంటుంది.
పంతొమ్మిదేళ్లుగా నా వీపే కాలుతోంది."

మెచ్చుకున్నవాళ్లెవరూ నలభై ఒకటి దాకా రాలేదు.

ఆ రాత్రే ఎండని తీసి వీరాయమ్మ వీపున పెట్టాను.
కాగితం పుస్తకమైతే
ఆ తప్పు నాతోపాటే ముసలిదయ్యేది.

ఏసురత్నం గారు ఇప్పుడు నా చీటీ ఒకటి
టిక్కెట్ల పెట్టె మీద అంటించుకున్నారు.
"ఏరు దాటడానికి పావుగంట, మీ చిన్న కథ పావుగంట.
రేవొచ్చినా కొందరు దిగట్లేదండి" అంటారు.
ఆ మాటలో సగం తీసేసి నమ్మాను.

నిన్న ఆరుగురు.
ఇవాళ వాన, పంటు కట్టేశారు, ఒక్కరూ లేరు.

రేపు ఆలమూరు లోడు.
నాలుగు వందల నందివర్ధనాలకి దారాలు కడుతున్నాను.
ఎండ కావాలి. నీళ్లు రోజూ.
వెనక్కి తిప్పండి.